స్థానిక మొక్కల సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్‌కి 61 శాతం మార్కులతో అప్లై చేయొచ్చా?

ప్రశ్న: నేను నెల్లూరులో ఎమ్మెస్సీ బోటనీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది ఉదయగిరి దగ్గర పల్లెటూరు. మన ప్రాంతపు మొక్కల మీద పనిచేసే ఒక చిన్న సంఘం విద్యార్థులకు 15 వేల రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుందని మా సీనియర్ అక్క చెప్పింది. నాకు డిగ్రీలో 61 శాతమే వచ్చింది. అప్లై చేస్తే ఫలితం ఉంటుందా? "ఎర్రచందనం సంరక్షణ: ఒక సమగ్ర అధ్యయనం" అని టాపిక్ అనుకున్నాను. ఇంగ్లీషు అంత బాగా రాదు, ఇంటర్వ్యూ అంటేనే టెన్షన్. మా మేనమామ ఉదయగిరిలో చెక్క గరిటెలు చేస్తాడు, మా ఇంట్లో పీజీ దాకా వచ్చింది నేనే మొదలు.

సమాధానం:

అమ్మా, అప్లై చెయ్యి. 61 శాతం అడ్డేమీ కాదు. ఆ టాపిక్‌తో మాత్రం వద్దు. ఎందుకు వద్దో, దాని బదులు ఏం రాయొచ్చో వివరంగా చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పాను. మన వైపే ఇలాంటి ఒక చిన్న సంఘంలో తొమ్మిదేళ్లు స్కాలర్‌షిప్ కమిటీలో ఉన్నాను. రెండేళ్ల కిందట బయటికి వచ్చాను, కాబట్టి నాకు తెలిసింది దాచుకోకుండా చెప్పొచ్చు.

ముందు ఈ స్కాలర్‌షిప్ ఏ రకమైనదో అర్థం చేసుకో. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంటి ఆదాయం చూసి వస్తుంది. మెరిట్ స్కాలర్‌షిప్ మార్కులు చూసి వస్తుంది. ఇది నువ్వు రాబోయే ఏడాదిలో చేయబోయే పనిని చూసి వస్తుంది. అమెరికాలో ఇలాంటి సంఘాలు చాలా ఏళ్లుగా ఉన్నాయి. కాలిఫోర్నియాలో బర్క్‌లీ దగ్గర టిల్డెన్ పార్కులో ఉన్న ఒక మొక్కల తోటను కాపాడుకోవడానికి కొందరు ఊరివాళ్లు కలిశారు. ఆ కలయిక నుంచే 1965లో కాలిఫోర్నియా నేటివ్ ప్లాంట్ సొసైటీ పుట్టింది. ఇప్పుడు దానికి ఆ రాష్ట్రమంతా శాఖలున్నాయి. శాఖల వాళ్లు ఏటా తమ ప్రాంతపు మొక్కలను నర్సరీలో పెంచి అమ్ముతారు, వచ్చిన డబ్బులో కొంత కాలేజీ పిల్లలకు ఇస్తారు. అడిగేది పెద్దగా ఏమీ ఉండదు: రెండు మూడు పేజీల ప్లాన్, ఒక టీచర్ ఉత్తరం, పని అయ్యాక ఆ శాఖ సభ్యుల ముందు నిలబడి ఏం చూశావో చెప్పడం. మా సంఘం మొదలుపెట్టినప్పుడు మేమూ అదే దారి పట్టాం. కార్తీక మాసంలో వనభోజనాలకు వచ్చేవాళ్లకి ఉసిరి, మారేడు, పొగడ, కానుగ మొక్కలు అమ్మి ఆ డబ్బుతో మొదటి స్కాలర్‌షిప్ ఇచ్చాం. అంటే నీకిచ్చే ప్రతి రూపాయీ ఎవరో ఒక మొక్క కొనుక్కుని ఇంటికి తీసుకెళ్తే వచ్చిందే. కమిటీ వాళ్లు నీ కాగితం చదివేటప్పుడు వాళ్ల మనసులో ఉండేది ఇదే.

మార్కుల విషయంలో మేము చేసిన తప్పు ఒకటి చెబుతాను. రెండో ఏడాది మాకు వచ్చిన అప్లికేషన్లలో అందరికంటే మంచి మార్కులున్న అబ్బాయిని ఎంచుకున్నాం. "తూర్పు కనుమల ఔషధ మొక్కలు" అని టాపిక్. ఇంగ్లీషు చక్కగా ఉంది, స్పైరల్ బైండింగ్ చేసి తెచ్చాడు. ఏడాది తర్వాత 120 పేజీల రిపోర్టు వచ్చింది. తిరగేస్తుంటే నాకు గుండెల్లో కలుక్కుమంది. సగం ఫొటోలు ఎక్కడివో. చలి కొండల మీద తప్ప పెరగని మొక్క ఒకటి "మన అడవుల్లో విరివిగా దొరుకును" అని రాసి ఉంది. ఆ అబ్బాయిని తప్పుపట్టి లాభం లేదు. ఏడాదిలో, పదిహేను వేలతో, ఒక్కడు తూర్పు కనుమలన్నీ ఎలా తిరుగుతాడు? అంత పెద్ద పేరు చూసి మెచ్చుకుని డబ్బిచ్చింది మేమే. ఆ తర్వాత నుంచి అప్లికేషన్‌లో మార్కుల గడి తీసేశాం. ఇంటర్వ్యూ గదిలో పెట్టడం మానేసి చెరువు కట్ట మీద పెట్టాం. గంటసేపు నడవాలి, కనిపించిన మొక్కల గురించి మాట్లాడాలి, అంతే.

ఆ చెరువు కట్ట మీదే ఒక ఏడాది కొత్తపట్నం వైపు పల్లెపాలెం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. బీఎస్సీ, 54 శాతం. చేతిలో లాంగ్ నోట్‌బుక్. అట్ట మీద ఉప్పునీటి మరకలు. లోపల ప్రతి ఆదివారం తేదీ వేసి, పక్కన రావణాసురుడి మీసాలు ఎన్ని కొట్టుకొచ్చాయో లెక్క రాసుకున్నాడు. నువ్వు కొండ ప్రాంతపు పిల్లవి, చూసి ఉండకపోవచ్చు. ఇది సముద్రపు ఇసుక దిబ్బల మీద పెరిగే ముళ్ల గడ్డి, శాస్త్రీయ నామం స్పైనిఫెక్స్ లిట్టోరియస్. దాని గింజల కంకి బంతిలా గుండ్రంగా, చుట్టూ పొడుగాటి ముళ్లతో ఉంటుంది. పండాక తెగి గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంది. ఎక్కడ ఆగితే అక్కడ గింజలు వదులుతుంది. దిబ్బ కదిలిపోకుండా పట్టి ఉంచేది ఆ గడ్డీ, దాని పక్కన పాకే బాలబంద తీగా.

అతను లెక్కపెట్టింది ఏమిటంటే, ఆ బంతుల్లో రొయ్యల గుంటల కంచె దగ్గర ఎన్ని ఆగాయి, సర్వి (సరుగుడు) తోట అంచున ఎన్ని ఆగాయి, ఖాళీ దిబ్బ మీద ఎన్ని ఆగాయి అని. "మా తాత చిన్నప్పుడు దిబ్బలన్నీ ఇదే గడ్డి ఉండేదంట సార్. ఇప్పుడు బంతులన్నీ పోయి తోట నీడలో పడతన్నాయి. అక్కడ మొలవదు. మరి కొత్త మొక్కలు యాడొస్తాయి?" అని అడిగాడు. మేమెవరమూ ఆ ప్రశ్న వేసుకోలేదు. స్కాలర్‌షిప్ అక్కడికక్కడే ఖాయమైంది. ఆ గడ్డిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఆ సంగతి అతనికి పనిలోకి దిగాకే తెలిసింది. ఊరికి ఉత్తరాన మిగిలిన పెద్ద గుంపు మొత్తం తిరిగి చూస్తే ఒక్క బంతి కూడా లేదు, అంతా మగదే. తీగలు పాకి గుంపు పచ్చగానే ఉంది, గింజ మాత్రం లేదు. ఆ ముక్క మొక్కల పరిశోధనలో ఎంత విలువైనదో నీకు తర్వాత తెలుస్తుంది. దానికి అతను ఖర్చు పెట్టింది నోట్‌బుక్కు, పెన్ను, కొలత టేపు, ఆదివారాలు.

ఇప్పుడు ఎర్రచందనం దగ్గరికి వద్దాం. ఆ చెట్టు మీద నీకున్న ప్రేమ నాకు అర్థమవుతుంది. ప్రపంచం మొత్తం మీద అది సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, మన వెలిగొండలు కూడా అందులో ఉన్నాయి. మన ఇంటి చెట్టు అది. కానీ ఒక విద్యార్థి ఏడాది పనికి అది సరిపడదు. మూడు కారణాలు చెబుతాను.

అది పెరిగే కొండలు చాలావరకు రిజర్వు ఫారెస్టు. పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం. అభయారణ్యంలో పరిశోధన చేయాలంటే వన్యప్రాణి చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. రిజర్వు ఫారెస్టుకైనా మీ హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సంతకంతో డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసుకి ఉత్తరం పెట్టి, తిరిగి, అనుమతి తెచ్చుకోవాలి. ఆ చెట్టు పేరు ఎత్తితే ఇంకా జాగ్రత్తగా చూస్తారు, చూడాలి కూడా. నీకిచ్చిన ఏడాదిలో సగం కాగితాలకే పోతుంది. రెండోది, ఆ చెట్టు మీద ఇప్పటికే పెద్ద సంస్థలు పనిచేస్తున్నాయి. "సమగ్ర అధ్యయనం" అని నువ్వు రాసేది వాళ్ల పేపర్ల నుంచి తీసిందే అవుతుంది. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. స్మగ్లింగ్ ముఠాలు తిరిగే కొండలో చెట్టు ఎక్కడుందో ఫోన్‌లో లొకేషన్ పెట్టి ఫొటో తీసి, రిపోర్టులో అచ్చువేస్తే ఆ చెట్టుకి నువ్వే దారి చూపించినట్టు. నీ భద్రత సంగతి అసలే ఆలోచించాలి. ఒంటరిగా ఒక ఆడపిల్ల ఆ కొండల్లో కొలతలు తీసుకుంటూ తిరగడానికి నేనైతే ఒప్పుకోను, మగపిల్లవాడినైనా పంపను.

ఎర్రచందనం వదలలేకపోతే మీ ఊళ్లో ఎవరి పొలం గట్టు మీదో, గుడి ఆవరణలోనో పెంచిన చెట్లుంటాయి. వాటికి ఎప్పుడు ఆకు రాలింది, ఎప్పుడు పూసింది, పూల మీద ఏ ఈగ, ఏ తేనెటీగ వాలింది అని ఏడాది పొడవునా రాయి. పసుపు పూలు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, అవి నిలిచేది కొద్ది రోజులే. అంత దగ్గరగా చూసి రాస్తే అదీ మంచి పనే.

కానీ నీ ప్రశ్న చివర ఒక వాక్యం రాసి వదిలేశావు చూడు, మేనమామ చెక్క గరిటెలు చేస్తాడని. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు దాన్ని అలా పక్కన పెట్టేశావు. నేను కమిటీలో ఉండుంటే ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, "ఈ అమ్మాయిని పిలవండి" అని రాసేవాణ్ణి.

ఉదయగిరి చెక్క స్పూన్లు, గరిటెలు, దువ్వెనలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పనివాళ్లు నర్ది, బిక్కి, కల్ది, పాలబరికి, దేవదారి అని కర్రల పేర్లు చెబుతారు. ఏ కర్ర గరిటెకి, ఏది ఫోర్కుకి, ఏది ఆరేటప్పుడు పగులుతుంది, ఏది నూనెలో ఉన్నా రంగు మారదు, ఇదంతా వాళ్ల చేతివేళ్లలో ఉంది. వీటిలో ప్రతి పేరుకీ పువ్వు, కాయ, ఆకు ఉన్న హెర్బేరియం షీటు (నొక్కి ఆరబెట్టిన కొమ్మని అట్ట మీద అంటించి వివరాలు రాసింది), దాని పక్కన అదే చెట్టు చెక్క ముక్క, దాని పక్కన మీ మామ చెప్పిన మాట, ఈ మూడూ ఒకచోట పెట్టు. అది ఏ పెద్ద యూనివర్సిటీ వాళ్లూ నీకంటే బాగా చేయలేరు. వాళ్లకి మీ మామ ఇంటి గడప దాటి లోపలికి వెళ్లే చనువు లేదు.

పేర్ల దగ్గర ఎంత గందరగోళం ఉందో దేవదారితోనే చెబుతాను. వినాయక చవితి ఏకవింశతి పత్రిలో దేవదారు పత్రం ఉంది. హిమాలయాల్లో పెరిగే దేవదారు వేరే, అది సెడ్రస్ డియోడారా, సూదుల్లాంటి ఆకుల చెట్టు. మన గుట్టల మీద ఉండే దేవదారి ఎరిత్రోక్సైలం మోనోగైనం, చిన్న చెట్టు, లోపలి చేవకి కమ్మటి వాసన. 1876-78 నాటి ధాత కరువులో మన దక్షిణాది జిల్లాల జనం ఈ చెట్టు ఆకులు కూడా ఉడకబెట్టుకు తిని ప్రాణం నిలుపుకున్నారు. బతికుంటే బలుసాకు తినొచ్చంటారే, ఆ వరసలో చెప్పుకోవాల్సిన ఆకు ఇది. పేరు ఒకటే, చెట్లు రెండు. తెలుగు పేరు మాత్రమే రాసి ఊరుకుంటే చదివేవాడు ఏ చెట్టో తేల్చుకోలేడు. ఇంగ్లీషు పుస్తకంలో దొరికిన శాస్త్రీయ నామం మాత్రమే రాస్తే నీ చేతిలో ఉన్న కొమ్మ అదేనని రుజువు లేదు. అందుకే షీటు కావాలి.

దీనికి తోడు ఇంకొక్క ప్రశ్న పెట్టుకో, రెండుకి మించి వద్దు. ఏ చెట్టు నరికాక మొద్దు నుంచి మళ్లీ చిగురేస్తుంది, ఏడాదిలో ఎంత ఎత్తు పెరుగుతుంది? ఇది పట్టా భూముల్లో, చేల గట్ల మీద, మీ ఊరి పొలిమేరలో చూడొచ్చు, రిజర్వు ఫారెస్టులోకి అడుగుపెట్టక్కర్లేదు. పది మొద్దులకు రంగు దారం కట్టి నెలకోసారి స్కేలుతో కొలువు. మామ వాళ్ల తర్వాతి తరానికి కర్ర దొరుకుతుందా లేదా అన్నది ఆ చిగుళ్ల మీదే ఉంది.

ఒక జాగ్రత్త. కర్ర ఎక్కణ్ణుంచి వస్తుందన్నది ఆ పనివాళ్ల కూటికి సంబంధించిన విషయం. వాళ్లు రాయమంటే తప్ప రాయొద్దు. ఎవరి పేరు వేయాలో, వేయకూడదో ముందే అడిగి, వాళ్లు ఒప్పుకున్నట్టు నోట్‌బుక్‌లో తేదీతో రాసుకో. మీ మామ అయినా సరే అడుగు.

ప్రపోజల్ ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలామంది "భారతదేశం జీవవైవిధ్యానికి పుట్టినిల్లు" అని మొదలుపెడతారు. నేను తొమ్మిదేళ్లలో ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. నువ్వు ఇలా మొదలుపెట్టు: "మా మేనమామ ఉదయగిరిలో చెక్క గరిటెలు చేస్తాడు. అతను వాడే కర్రల పేర్లు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, కానీ వాటిలో మూడింటిని చెట్టుగా నిలబడి ఉండగా నేను గుర్తుపట్టలేను. ఈ ఏడాదిలో ఆ చెట్లన్నిటినీ పువ్వుతో, కాయతో చూసి, షీట్లు తయారుచేసి, వాటి శాస్త్రీయ నామాలు సరిచూస్తాను. మా ఊరి పొలాల్లో నరికిన పది మొద్దుల చిగుళ్లను నెలనెలా కొలుస్తాను." ఇది చదివినవాడికి నువ్వెవరు, ఎక్కడ, ఏం చేస్తావు, ఎందుకు నువ్వే చేయాలి అన్నీ తెలిసిపోయాయి. మిగిలిన పేజీలో ఎప్పుడెప్పుడు వెళ్తావు, ఎవరు గుర్తింపు సరిచూస్తారు, డబ్బు దేనికి అనే మూడు విషయాలు రాస్తే చాలు. తెలుగులో రాయొచ్చా అని ఉత్తరం రాసి అడుగు. మా దగ్గర రాయొచ్చు, చాలా సంఘాలు ఒప్పుకుంటాయి. శాస్త్రీయ నామాలు మాత్రం స్పెల్లింగు తప్పు లేకుండా రాయాలి, అక్కడ మాఫీ లేదు.

ఎప్పుడు వెళ్లాలి అన్నది చాలామంది ఆలోచించరు. పాఠ్యపుస్తకాల్లో జూన్ వానలు అని ఉంటుంది కదా అని జూలైలో ఫీల్డుకి బయల్దేరి, ఎండిన గడ్డి చూసి తిరిగొస్తారు. మన నెల్లూరు వైపు వానలు ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనే. నేల మీది చిన్న మొక్కలు, తీగలు చూడాలంటే నవంబరు నుంచి జనవరి లోపల. ఆకురాల్చే చెట్ల పూత చూడాలంటే ఫిబ్రవరి నుంచి మే. నీ కర్ర చెట్లన్నీ ఒకేసారి పూయవు. అందుకే నెలకో ప్రయాణం, పన్నెండు ప్రయాణాలు అని రాయి. ఒకసారి ఒక యానాది పెద్దాయనతో కొండ అంచున నడుస్తుంటే, మా విద్యార్థి వెతుకుతున్న పువ్వు గురించి "ఇప్పుడు కాదు నాయనా, వానలు ఎలబారినాక రెండో పున్నానికి రా, ఈ వాసన నీకే వస్తాది" అన్నాడు. అలాగే వెళ్లాం, పూసింది. నోట్‌బుక్‌లో రాసుకోవాల్సిన సమాచారం అది.

ఆ పెద్దాయన మాట వచ్చింది కాబట్టి బడ్జెట్ గురించి చెబుతాను. 15 వేలు పెద్ద మొత్తం కాదు, కానీ లెక్కగా వాడితే ఏడాది సరిపోతుంది. నెల్లూరు నుంచి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు, పన్నెండు సార్లు బస్సు ఛార్జీలు రానుపోను రాయి. పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం ఒకటి. మొక్కలు నొక్కే ప్రెస్, రెండు ప్లైవుడ్ చెక్కలు, బెల్టులతో మీ మామే చేసిపెడతాడు. షీట్ల అట్టలు. చివరి రిపోర్టు ప్రింటు. దీనితో పాటు, నీకు దారి చూపించి చెట్టు గుర్తుపట్టి చెప్పే మనిషికి రోజు కూలి. ఈ చివరిది రాయనివాళ్ల అప్లికేషన్ నేను వెనక్కి పంపేవాణ్ణి. యానాదులైనా, నల్లమల వైపు చెంచులైనా, మీ ఊరి గొర్రెలకాపరి అయినా, ఆ మనిషి ఆ రోజు పని మానుకుని మనతో వస్తాడు. అతని జ్ఞానంతో మనకి డిగ్రీ వస్తుంది. రిపోర్టు చివర "స్థానికులు తెలిపారు" అని రెండు మాటలు రాసి సరిపెట్టడం నాకు మహా కష్టంగా ఉంటుంది. కూలి ఇవ్వాలి, ఒప్పుకుంటే పేరు వేయాలి, రిపోర్టు అయ్యాక అతని దగ్గరికి వెళ్లి చదివి వినిపించాలి.

హెర్బేరియం షీటు గురించి కాలేజీలో చెప్పే ఉంటారు, కానీ పిల్లలు చేసే పొరపాట్లు ఎప్పుడూ అవే. ఆకులున్న కొమ్మ ఒక్కటే కోసుకొస్తారు. పువ్వో కాయో లేకుండా గుర్తింపు తేలదు. పువ్వు రంగు, బెరడు వాసన, పాలు కారుతుందా, ఎత్తు ఎంత, ఇవన్నీ కొమ్మ చేతిలో ఉండగానే అక్కడే నిలబడి రాయాలి. ఇంటికొచ్చి రాద్దామనుకుంటే తెల్లపువ్వు ఆరి గోధుమరంగు అయిపోతుంది, నీకు గుర్తుండదు. న్యూస్‌పేపర్లు మొదటి నాలుగైదు రోజులు రోజూ మార్చు. వానాకాలంలో రోజుకి రెండుసార్లు మార్చినా తప్పులేదు, లేదంటే బూజు పడుతుంది. ప్రతి సేకరణకి ఒకే వరస నంబరు, అదే నంబరు చెక్క ముక్క మీదా, నోట్‌బుక్‌లోనూ ఉండాలి. మన దగ్గర షీటు కొలత 42 సెంటీమీటర్లు పొడవు, 28 వెడల్పు. పాతకాలంలో పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవాళ్లం. అది విషం, నువ్వు దాని జోలికి పోవద్దు. ఆరిన షీట్లను ప్లాస్టిక్ కవర్లో గాలి చొరబడకుండా కట్టి కొన్నిరోజులు డీప్ ఫ్రీజర్‌లో పెడితే పురుగు చస్తుంది.

ఒక సెట్టు మీ కాలేజీలో ఇవ్వు. రెండో సెట్టు పెద్ద హెర్బేరియంకి ఇవ్వడానికి ముందే ఉత్తరం రాసి మాట్లాడుకో. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ, అనంతపురంలో శ్రీ కృష్ణదేవరాయ యూనివర్సిటీ బోటనీ విభాగాల్లో మన ప్రాంతపు మొక్కలు బాగా తెలిసినవాళ్లున్నారు. నీ గుర్తింపు సరిచూసేది ఎవరో ప్రపోజల్‌లో రాస్తే నీ కాగితానికి బరువొస్తుంది. మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉంటుంది, 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ఉండాలి. ఊరి మొక్కల రిజిస్టరు రాయాల్సింది వాళ్లే. నీ జాబితా ఒక కాపీ వాళ్లకిస్తే ఆ రిజిస్టరులోకి ఎక్కుతుంది.

రికమండేషన్ లెటర్ విషయంలో ఒక్క మాట. ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తకు. నిన్ను ప్రాక్టికల్స్‌లో చూసిన లెక్చరర్ రాసిన నాలుగు నిజమైన వాక్యాలు, "ఈమె సత్ప్రవర్తన గల విద్యార్థిని" అన్న సర్టిఫికెట్ కంటే వెయ్యి రెట్లు పనిచేస్తాయి. వాళ్లకి కనీసం రెండు వారాల ముందు నీ ప్రపోజల్ కాపీ ఇచ్చి అడుగు.

ఇంటర్వ్యూ అంటే టెన్షన్ అన్నావు. ఆ కమిటీలో ఉండేది నాలాంటి ముసలి లెక్చరర్లు, ఒకరిద్దరు ఫారెస్టు రిటైర్డు ఉద్యోగులు, ఒక నర్సరీ రైతు, ఆయుర్వేదం చదివిన డాక్టరు, ఇలాంటివాళ్లే. వాళ్లు నిన్ను ఇరుకున పెట్టడానికి రారు. మొక్కల గురించి మాట్లాడే పిల్లలు దొరికితే వాళ్లకి పండగ. తెలియనిది అడిగితే "తెలియదు సార్, చూసి చెబుతాను" అను. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఒక మార్కు ఎక్కువే వేశాను. ఇంగ్లీషులో మాట్లాడాలని కష్టపడకు. తంగేడు పువ్వుని చూపించి సెన్నా ఆరిక్యులేటా అని చెప్పగలిగితే చాలు, మిగతాది మన భాషలో చెప్పు.

దీనితో పాటు వేరే దారులు కూడా వదిలిపెట్టకు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తున్నా ఇలాంటి చిన్న స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, కానీ అప్లికేషన్‌లో ఆ సంగతి దాచకుండా రాయి. కేంద్ర ప్రభుత్వం సైన్స్ విద్యార్థులకిచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కింద ఏటా 80 వేలు వస్తుంది. అది ఇంటర్‌లో బోర్డు పరీక్షలో పైనున్న ఒక శాతం పిల్లలకు, డిగ్రీ మొదట్లోనే అప్లై చేసుకోవాల్సింది. నీకు ఆ సమయం దాటిపోయింది, మీ చెల్లెళ్లకో తమ్ముళ్లకో చెప్పు. మన దేశంలోని సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కి నీ మార్కులతో అర్హత ఉందేమో చూసుకో, వస్తే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు. దానికి చలికాలం మొదట్లోనే నోటిఫికేషన్ చూసుకోవాలి. పీజీ అయ్యాక నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకి 37 వేలు. వీటన్నిటికీ నీ చేతిలో సొంతంగా చేసిన పని ఒకటి ఉంటే విలువ వేరు. ఈ 15 వేల అసలు ఉపయోగం అక్కడుంది.

ఇది చదివే సంఘాల వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి కూడా ఒక విన్నపం. డబ్బు ముందే ఇవ్వండి. "ఖర్చు పెట్టి బిల్లులు తెస్తే తర్వాత ఇస్తాం" అని రూలు పెట్టిన ఏడాది మాకు పల్లెల నుంచి ఒక్క అప్లికేషన్ రాలేదు. బస్సు ఛార్జీకి ఇంట్లో అడగాల్సిన పిల్ల బిల్లు ఎక్కణ్ణుంచి తెస్తుంది? మేము మూడు వంతుల్లో రెండు వంతులు మొదట్లోనే ఇచ్చి, మిగిలింది షీట్లు అప్పజెప్పాక ఇవ్వడం మొదలుపెట్టాం. ఆ తర్వాత డబ్బు తీసుకుని పని చేయకుండా పోయినవాళ్లు ఇద్దరే. అందులో ఒకమ్మాయికి పెళ్లయిపోయింది. మూడేళ్ల తర్వాత తిరిగొచ్చి, మొక్కలు ఆరబెట్టిన పేపర్ల కట్ట మాకిచ్చి వెళ్లింది.

అమ్మా, చివరి తేదీ దగ్గరికొచ్చిందేమో చూసుకో. ఈ ఆదివారం ఊరెళ్లి మామ దగ్గర కూర్చో. పనిలో మిగిలిన ముక్కలు ప్రతి రకం కర్రవీ రెండేసి అడుగు, ఒక్కో ముక్క మీద ఆయన చెప్పిన పేరు ఆయన చేతే రాయించు. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఫైలుతో పాటు ఆ ముక్కలు సంచిలో వేసుకుని తీసుకెళ్లు. బల్ల మీద పరిచి, దేవదారి ముక్కని వాసన చూడమని వాళ్ల చేతికివ్వు.